జక్కయ్య లెక్క

పోయిన భాగం చదివి ఇద్దరు ముగ్గురు మిత్రులు ఒకే మాట అడిగారు. "అన్నా, నువ్వు అంబేడ్కరిస్టువి కదా, ఇంకా చర్చికెందుకు పోతావ్?" మా ఊరి చర్చివాళ్లు ఎప్పటినుంచో ఇంకొకటి అడుగుతున్నారు. "బాబూ, నువ్వు డాక్టరేట్ చేశావు, ఎక్కడెక్కడో స్టేజీలెక్కి మాట్లాడతావు. మన చర్చిలో ఒక్కసారైనా సాక్ష్యం చెప్పవేం?" రెండింటికీ నా దగ్గరున్న జవాబు ఒకటే. అది ఇవాళ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సాక్ష్యం అంటే తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. ఆరాధనలో పాటలయ్యాక, వాక్యం మొదలుకాకముందు, ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. అదే సాక్ష్యం. మా పల్లెల్లో మనిషికి మైకు దొరికిన చోటు చాలాకాలం అదొక్కటే. పంచాయతీలో నోరెత్తలేనివాడు, ఆసామి ముందు తల దించుకుని నిలబడేవాడు చర్చిలో పది నిమిషాలు నిలబడి తన కథ తాను చెప్పుకునేవాడు. దళిత ఆత్మకథ గురించి మేం సెమినార్లలో పత్రాలు చదువుతాం గానీ, మా అమ్మలూ నాయనలూ ఎప్పటినుంచో చర్చిలో నిలబడి చెప్తున్నది అదే.

దానికొక పద్ధతుంది. ముందు నేనిట్లా ఉండేవాణ్ణి. ఫలానా రోజు ప్రభువు నన్ను ముట్టాడు. ఇప్పుడిట్లా ఉన్నాను. అంతే, దేవునికి స్తోత్రం, కూర్చుంటారు.

మా నాయన సాక్ష్యం మా చర్చిలో అందరికీ నోటికొచ్చు. నాయన తాగేవాడు. కూలి డబ్బులు బ్రాందీ షాపు దాటి ఇంటికి వచ్చేవి కావు. అమ్మ వీపు మీద దెబ్బలు మేం చూస్తూ పెరిగాం. నేను ఐదో తరగతిలో ఉండగా మా పల్లెలో ఉజ్జీవ కూటాలు పెట్టారు. మూడోనాటి రాత్రి నాయన లేచి ముందుకెళ్లి మోకాళ్లూనాడు. ఆ రాత్రి నుంచి చచ్చిపోయేదాకా చుక్క ముట్టలేదు. నెలకి సరిపడా బియ్యం ఒకేసారి ఇంట్లోకి రావడం నేను ఆ ఏడాదే మొదటిసారి చూశాను. నోటుపుస్తకాలు కొన్నారు. అమ్మ నిద్రపోవడం చూశాను. యూనివర్సిటీలో మతాన్ని మత్తుమందుతో పోల్చి ఎవరన్నా మాట్లాడితే నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. మా ఇంట్లో మత్తు వదిలించింది మతమే.

కాబట్టి నాయన సాక్ష్యాన్ని నేను చిన్నచూపు చూడను. నాకు ఇబ్బంది ఇంకోచోట ఉంది. అదే సాక్ష్యాన్ని ఆయన ఇరవై ఏళ్లు చెప్పాడు. ఆ ఇరవై ఏళ్లలో కొత్తగా చేరిన ముక్క ఒక్కటీ లేదు. మారాల్సిందంతా ఆ రాత్రే మారిపోయిందని నమ్మాడు. కొట్టడం మానేశాడు గానీ, ఇంట్లో అమ్మ మాట వినడం మొదలుపెట్టలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. సాక్ష్యం అప్పటికే పూర్తయిపోయింది కదా.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక మాటల దగ్గర ఆగడం నాకలవాటు. మన బైబిల్లో ఈ మార్పుకి వాడిన మాట 'మారుమనస్సు'. మారిన మనస్సు అనుకుంటాం, అదీ నిజమే. కానీ తెలుగులో 'మారు' అంటే ఇంకొకటి, ఇంకోసారి అని కూడా. మారుపేరు, మారుమాట, రెండు మార్లు, మూడు మార్లు. బంతిలో కూర్చున్నప్పుడు కూర మళ్లీ వడ్డించమంటే మారు అడిగాడంటాం. మారుమనస్సు కూడా అట్లా మళ్లీ మళ్లీ అడిగి పెట్టించుకోవాల్సిందేమో. మా నాయన ఒక్కసారి వడ్డించుకుని విస్తరి మడిచేశాడు. నేనేమో కూర బాగుందో లేదో విమర్శ రాస్తూ కూర్చున్నాను.

ఇక నా సంగతి.

మా ఊళ్లో రెండు చర్చిలున్నాయి. మాలపల్లెలో మాది లూథరన్ చర్చి. రోడ్డుకి అవతల మాదిగపల్లెలో బాప్టిస్టు చర్చి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మిత్రులకి ఇది కొత్త కాదు. 1842లో హేయర్ దొర గుంటూరొచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. 1866లో చెప్పుల తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి బాప్తిస్మం పుచ్చుకుని, తనవాళ్ల మధ్య తిరిగి ఆ మాట చెప్పాడు. తర్వాత 1876-78 కరువు. ఆ రోజుల్లో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి పని పెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అట్లా ఒక మిషన్ ఒక పల్లెకి, ఇంకో మిషన్ ఇంకో పల్లెకి అంటుకుపోయింది. దొరలు వెళ్లిపోయారు. గోడలు ఉండిపోయాయి.

మా చర్చిలో చంటిపిల్లలకి నెత్తిన నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ల చర్చిలో పెద్దయ్యాక కాలవలో ముంచి ఇస్తారు. అందుకని మా ఇళ్లల్లో ఎవరూ 'వాళ్లు మాదిగలు' అనరు. "వాళ్లది ముంచుడు, మనది చిలకరింపు" అంటారు. "వాళ్ల బోధ వేరు" అంటారు. నేను ఇంటర్‌కి వచ్చేదాకా అది నిజంగా బోధ సంగతే అనుకున్నాను. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకే రొట్టెలో పాలు తీసుకునేవాళ్లం. 'అందరం' అంటే మాలపల్లె అందరం.

ఇంకొకటుంది. మా నాయన మారాక, బడిలో మాకు క్రైస్తవులమనే రాయించాడు. చాలామంది రాయించరు, ఎందుకో మీకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు, క్రైస్తవులకి సడలించలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లని మన రాష్ట్రంలో బీసీ-సి అంటారు. మాకున్నది ఒక్క శాతం. ఊరు మమ్మల్ని మాలలనే పిలుస్తుంది, కాగితం మాత్రం కాదంటుంది. మొదటిసారి పీజీ సీటు నాకు రాకపోవడానికి, ఇప్పటికీ నేను ప్రైవేటు కాలేజీలో ఏడాదికోసారి ఆర్డరు చేతికొచ్చే లెక్చరర్‌గా ఉండడానికి ఆ కాగితం కూడా ఒక కారణం. నాయన మీద చాలా ఏళ్లు కోపం ఉండేది. అంతకంటే పెద్ద గర్వం కూడా ఉండేది. మేం అబద్ధమాడలేదు. రోడ్డుకి అవతలివాళ్లు కాగితం మీద హిందువులు, ఆదివారం క్రైస్తవులు, మేం మాత్రం నికార్సైనవాళ్లం అని. బతకడానికి ఒక మనిషి కాగితం మీద రాయించుకున్న మాటని పాపంగా చూశాను. ఆ కాగితం రాయించిన రాజ్యాన్ని వేదికల మీద తిడుతూనే, రాయించుకున్నవాణ్ణి మనసులో ఒక మెట్టు కిందకి నెట్టాను.

యూనివర్సిటీకి వెళ్లాక చర్చి వదిలేశాను. అంబేడ్కర్‌ని చదివాను. క్రైస్తవంలోకి మారినవాళ్ల గురించి ఆయన రాసినచోట చర్చిలోనూ కులం పోలేదని నిలదీస్తాడు. అది చదివి, అదిగో చూశారా అని చర్చి మీదికి వేలు చూపించాను. ఆ వేలు నా వైపు కూడా తిప్పుకోవచ్చని తోచలేదు. తెలుగు సాహిత్యంలో దళిత క్రైస్తవ జీవితం మీద సిద్ధాంత గ్రంథం రాశాను. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగ గురువుల గురించి, తొలి మాదిగ క్రైస్తవుల గురించి రాసిన పుస్తకాన్ని ముందేసుకుని ఒక అధ్యాయం నింపాను. వాళ్ల తాతల పేర్లు నా థీసిస్‌లో ఉన్నాయి. రోడ్డుకి అవతల ఉన్న వాళ్ల మనవలు నాకు పేరు పేరునా తెలియదు.

2021 మే నెల. కరోనా రెండో అల. నాయన ఆసుపత్రిలో పోయాడు. అంబులెన్సువాడు శవాన్ని పల్లె మొదట్లో దించి వెళ్లిపోయాడు. మా పాస్టరుగారు అదే జబ్బుతో మంచంలో ఉన్నారు. మా పల్లె వాకిళ్లలో నిలబడి చూసింది. వాళ్లని నేనేమీ అనను, అప్పటికి మా పల్లెలోనే ముగ్గురు పోయారు, అందరికీ పిల్లలున్నారు. నేను, చెల్లి, అమ్మ. ఒక్కణ్ణే ఎట్లా మోయాలా అని చూస్తున్నాను. అవతలి పల్లె నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. బాప్టిస్టు చర్చి యూత్. చేతులకి తొడుగులు, మొహానికి తువ్వాళ్లు. పొద్దున్నే వచ్చి గుంట కూడా వాళ్లే తవ్వి ఉంచారని తర్వాత తెలిసింది. నాయన్ని మోశారు, దించారు, మట్టి వేశారు. వాళ్లలో ఒకబ్బాయి ప్రార్థన చేశాడు. మా నాయన ఇరవై ఏళ్ల సాక్ష్యంలో ఎన్నడూ పేరు పలకని పల్లె కుర్రాడు.

ఆ రాత్రి అమ్మ అంది, "ఆ నలుగురూ నా బిడ్డలే అయ్యా."

నేను మళ్లీ చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. దర్శనాలేమీ కలగలేదు. నాయన కూర్చునే చోట ఎవరో ఒకరు కూర్చోవాలనిపించింది. మెల్లగా ప్రార్థన చేయడం కూడా మొదలుపెట్టాను. నా ప్రార్థన అప్పట్లో ఒక ఫిర్యాదు పత్రం లాగుండేది. లోకంలో ఉన్న అన్యాయాలన్నీ దేవుడికి వరసగా చెప్పేవాణ్ణి. ఆ పట్టికలో నా పేరు ఉండేది కాదు.

2023 క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చెల్లి చెప్పింది. ఆమె గుంటూరులో స్టాఫ్ నర్సు. నాయన గుంట దగ్గర ప్రార్థన చేసిన అబ్బాయినే పెళ్లి చేసుకుంటానంది. ల్యాబ్ టెక్నీషియన్, అదే ఊళ్లో పని. అమ్మ ఆ మాట వినగానే లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి అక్కణ్ణుంచే అంది.

"ఆ బిడ్డ మంచోడే. కానీ వాళ్ల బోధ వేరమ్మా."

రెండున్నరేళ్ల కింద 'నా బిడ్డలే' అన్న నోరు 'వాళ్లు' అంది. చెల్లి నా వైపు చూసింది. నేను అంబేడ్కరిస్టుని. థీసిస్ రాసినవాణ్ణి. నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "చూద్దాంలేమ్మా. అమ్మకి బీపీ ఉంది కదా. కొంచెం టైం తీసుకుందాం."

తర్వాతి ఫిబ్రవరిలో ఒక కాలేజీవాళ్లు కులనిర్మూలన మీద మాట్లాడమని పిలిచారు. జాషువా పుట్టుక నుంచి ఎత్తుకున్నాను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఆ ఇంట్లోంచి 'గబ్బిలం' వచ్చింది, 1964లో అకాడమీ బహుమతి అందుకున్న 'క్రీస్తు చరిత్ర' వచ్చింది, కులాంతర వివాహం ఏం చేయగలదో చూడండి అన్నాను. గబ్బిలంతో మొరపెట్టుకునే మనిషి అరుంధతి బిడ్డ, మాదిగ, ఆ సంగతి చెప్పేటప్పుడు ఏటా క్లాసులో నా గొంతు వణుకుతుంది, ఆరోజూ వణికింది. చప్పట్లు కొట్టారు. అది లైవ్‌లో వచ్చింది. రాత్రి చెల్లి దగ్గర్నుంచి మెసేజ్. "బాగా మాట్లాడావన్నా." అంతే. ఇంకో ముక్క లేదు. దానికి నేనేం జవాబివ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు.

ఆ ఏడాది ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఆ సాయంత్రమే నేనొక పొడుగాటి పోస్టు రాశాను. ఐక్యత దెబ్బతింటుందనీ, ఇది విడదీసే కుట్ర అనీ. తీర్పు మంచిచెడ్డలు ఇక్కడ మాట్లాడబోవడం లేదు, దానికి వేరే చోటుంది. నేను చెప్పేది నా గురించే. కాగితం మీద నేను బీసీ-సి. ఆ పదిహేను శాతంలో నాకు ఒక్క సీటు వాటా కూడా లేదు. పోయేదేమీ లేనివాడికి అంత కోపం ఎక్కణ్ణుంచొచ్చింది? ఆ ప్రశ్న ఆరోజు వేసుకోలేదు. హాస్టల్లో నాలుగేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న మాదిగ మిత్రుడొకడున్నాడు. నా థీసిస్ ప్రూఫులు దిద్దినవాడు. ఆ పోస్టు తర్వాత ఫోన్లు ఆపేశాడు. నేనూ చేయలేదు. వాడే సంకుచితంగా ఆలోచిస్తున్నాడని అనుకున్నాను, ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా.

ఇప్పుడు అమ్మ సంగతికొస్తాను.

అమ్మ బడికి పోలేదు. నలభై దాటాక బైబిలూ పాటల పుస్తకమూ పట్టుకుని కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. ఎండాకాలం మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది, సాయంత్రం చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని కూర్చుని చదువుతుంది. నిరుడు శ్రమల కాలం, నలభై రోజుల ధ్యానాల్లో, స్త్రీల కూటంలో పాస్టరమ్మగారు జక్కయ్య కథ చెప్పారంట. మీకు తెలిసే ఉంటుంది. పన్నులు వసూలుచేసే పొట్టివాడు, ధనవంతుడు. యేసుని చూడాలని మేడిచెట్టు ఎక్కాడు. యేసు కిందకి దిగమని వాళ్లింటికే వెళ్లాడు. ఆ రోజు జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిచ్చేస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"ఒరే పెద్దోడా, జక్కయ్య నాలుగింతలు ఎవరికిచ్చాడు?"

"ఎవరి దగ్గర లాక్కున్నాడో వాళ్లకేనమ్మా."

"అంటే వాళ్లిళ్లకి పోయి ఇచ్చాడా, వాళ్లే వచ్చి తీసుకుపోయారా?"

నేను థీసిస్ రాసినవాణ్ణి, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. "అది రాయలేదమ్మా" అన్నాను.

"పోయే ఉంటాడు. ఇచ్చేవాడు పోవాలి గానీ, పోగొట్టుకున్నోళ్లు వస్తారా ఏంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పెళ్లి కాకముందు, వాళ్ల పుట్టింటి ఊళ్లో, మాలపల్లె బావి దగ్గర జరిగింది. మాదిగలు ఆ బావిలో చేద వేయకూడదు, పక్కన నిలబడి ఎవరన్నా పోస్తే పట్టుకుపోవాలి. ఊరివాళ్ల బావి దగ్గర మనం ఎట్లా నిలబడ్డామో మన బావి దగ్గర వాళ్లు అట్లా నిలబడాలి. ఒకరోజు ఆలస్యమై ఒకామె తనే చేద అందుకుంది. అమ్మ ఆమె బిందెని కాలితో తన్నింది. "సొట్ట పడిందయ్యా. సొట్ట బిందెతోటే పోయింది. ఆమె ఇప్పుడు లేదు. ఎవరికియ్యను నాలుగింతలు?"

అరవైకి దగ్గరపడిన మనిషి, నలభై ఏళ్లపాటు ఆ బిందె చప్పుడు చెవిలో పెట్టుకుని ప్రార్థనలు చేసింది. చర్చిలో ఆమె సాక్ష్యాలు నేను ఎన్నో విన్నాను. జ్వరాలు తగ్గినవి, నాకు ఉద్యోగం వచ్చినవి. బిందె సంగతి ఎప్పుడూ రాలేదు. సాక్ష్యంలో దేవుడు చేసిన మేలు చెప్తాం గానీ మనం చేసిన కీడు ఎవరికి చేశామో వాళ్ల పేరుతో చెప్పం.

మర్నాడు సాయంత్రం అమ్మ ఎవరికీ చెప్పకుండా రోడ్డు దాటింది. ఆ అబ్బాయి వాళ్లింటికి వెళ్లింది. వాళ్లు కంగారుపడి కుర్చీ వేశారంట, టీ పెడతామన్నారంట. అమ్మ అడిగింది, "టీ తర్వాత తాగుతా. ముందు కాసిని నీళ్లియ్యి వదినా."

వదినా అంది. వియ్యపురాల్ని పిలిచే పిలుపు. వాళ్లింకా ఏమీ అడగలేదు, ఈమె ఏమీ ఇవ్వలేదు, మాటలు కూడా కాలేదు. ఆ పిలుపుతోనే పెళ్లి ఖాయమైంది. ఆమె చెంబు కడిగిందంట. మళ్లీ కడిగిందంట. మూడోసారి కడగబోతుంటే అమ్మ లేచి చెంబు తీసుకుని తనే ముంచుకుని తాగింది. తర్వాత బిందె సంగతి చెప్పింది. నీళ్లు తాగినందుకు ఆమె ఏడవలేదంట, బిందె సంగతి విని ఏడ్చిందంట. "మా అమ్మక్కూడా అట్లా జరిగింది వదినా" అందంట.

ఇదంతా అమ్మ ఫోన్లో మామూలుగా చెప్పింది, పెసలు ఎండబెట్టానని చెప్పినట్టు. నేను ఫోన్ పెట్టేసి చెల్లికి చేశాను. సంతోషంగా అన్నాను, "అమ్మ ఒప్పుకుందమ్మా!"

"తెలుసన్నా. పొద్దున్నే చెప్పింది." కాసేపాగి, "నువ్వు ఒప్పుకున్నావా?" అంది.

పదహారు నెలలుగా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడగక్కర్లేదని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మా లూథరన్ ఆరాధన మొదలయ్యేది పాపపు ఒప్పుకోలుతో. చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం అందరితో కలిసి గట్టిగా చదివాను. అందరితో కలిసి చదివే ఒప్పుకోలు తేలిక. చెల్లి ఒక్కతే వింటున్నప్పుడు నాలుక పిడచగట్టింది.

"భయపడ్డానమ్మా" అన్నాను. "అమ్మ బీపీకి కాదు. మనోళ్లు ఏమంటారోనని. నాక్కూడా లోపల ఎక్కడో... వాళ్లు మనకంటే కింద అని ఉంది. ఉందని నాకే తెలియదు."

చెల్లి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "తెలుసన్నా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అంది.

మిత్రులారా, నా మారుమనస్సు కథంటూ ఒకటుంటే అది అక్కడ మొదలైంది. ఉజ్జీవ కూటం లేదు, కన్నీళ్లు కూడా పెద్దగా లేవు. సిగ్గొక్కటే. జక్కయ్య చెట్టెక్కింది యేసుని చూడ్డానికే. నేనూ చదువెక్కింది కులాన్ని చూడ్డానికే. పైనుంచి అంతా బాగా కనిపించింది, నేనొక్కణ్ణే కనిపించలేదు.

పెళ్లి జూన్‌లో అయింది. మా చర్చిలో చేయడానికి పెద్దలు ఒప్పుకోలేదు. బోధ తేడా అన్నారు, ఆనవాయితీ కాదన్నారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఏడాది కిందటిదాకా నేను చెప్పిన 'టైం తీసుకుందాం' కూడా ఆ జాతిదే కదా అనిపించి నోరు మూసుకున్నాను. అవతలి చర్చిలోనే చేశారు. మా పల్లె నుంచి పదిహేడు మంది వచ్చారు. లెక్కపెట్టాను. పాస్టరమ్మగారు వచ్చారు. బంతిలో అమ్మ వాళ్ల వదిన పక్కన కూర్చుని తిని, మారు అడిగి మరీ వడ్డించుకుంది.

నాయన్ని మోసిన ఆ అబ్బాయి అదివరకు నన్ను 'సార్' అనేవాడు. ఇప్పుడు 'బావా' అంటాడు. నాకింకా ఆ పిలుపు విన్నప్పుడు అర క్షణం తడబాటు వస్తుంది. ఆ అర క్షణం గురించే ఇప్పుడు నా ప్రార్థన. లోకంలోని అన్యాయాల పట్టిక ఇంకా చెప్తాను, కానీ ముందు నా పేరుతో మొదలుపెడతాను. ఎవరన్నా ఆత్మీయంగా ఎదిగావా అని అడిగితే నేను చూపించగలిగింది ఇంతే. అర క్షణం ఇదివరకు చాలా ఎక్కువుండేది.

హాస్టల్ మిత్రుడికి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. వారం తర్వాత ఎత్తాడు. "చెప్పు" అన్నాడు. ఏరా అని కూడా అనలేదు. పోస్టు గురించి, వాడి వెనక నేనన్న మాటల గురించి చెప్పాను. తప్పయిందన్నాను. వాడన్నాడు, "సరే. ఫోన్లో నాకొక్కడికి చెప్పావు. పోస్టు ఊరందరికీ రాశావు గదా."

జక్కయ్య లెక్క వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. తీసుకున్నది నలుగురిలో అయితే, ఇచ్చేదీ నలుగురిలోనే.

మొన్న డిసెంబరు 31 రాత్రి మా చర్చి సంవత్సరాంత ఆరాధనలో లేచి నిలబడ్డాను. జీవితంలో మొదటి సాక్ష్యం. బిందె సంగతి అమ్మ అనుమతితో చెప్పాను. నా సంగతి చెప్పాను. మధ్యలో ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. ఇద్దరు లేచి బయటికెళ్లారు. కూర్చున్నాక పక్కనున్న తాత నా మోకాలి మీద చెయ్యేసి, "మా బావికాడ కూడా ఉండేదిరా" అని గొణిగాడు. అంతే, ఇంకేం జరగలేదు. పన్నెండు కొట్టారు, హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకున్నాం.

అంబేడ్కరిస్టువి కదా, చర్చికెందుకు పోతావని అడిగిన మిత్రులకి: చర్చిలో కులం ఉందని అంబేడ్కర్ నిలదీశాడు. ఆ కులం నాలో ఉంది గనక పోతున్నాను. వారం వారం దాన్ని ఒప్పుకోవడానికి నాకొక చోటు కావాలి. ఒప్పుకున్నాక రోడ్డు దాటి వెళ్లాలని మా అమ్మ నేర్పింది.

2024 ఆగస్టు 1 నాటి నా పోస్టు తీసేయడం లేదు. తీసేస్తే తప్పు మాయమైనట్టు ఉంటుంది. ఈ వ్యాసాన్ని దాని కిందే పెడుతున్నాను. ఒరే, నువ్వు చదువుతుంటావని తెలుసు. ఇది నాలుగింతల్లో ఒకటి. ఇంకా మూడున్నాయి.